రెండో మనిషి పేరు

పటాన్‌చెరు,
ఏప్రిల్ 16

అత్తమ్మకు నమస్కారం.

ఈ ఉత్తరం మా కంపెనీ బస్సు డ్రైవర్ సంగప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను. మీ హత్నూర చౌరస్తాలో రోజూ తెల్లవారుజామున ఐదింటికి మా వాళ్లను ఎక్కించుకుంటాడు. జవాబు రాస్తే ఆయనకే ఇవ్వండి.

ఆదివారం వచ్చినప్పుడే చెప్పాల్సిన మాట ఇది. చెప్పలేకపోయాను. మీ ఎడమ చెవి వినపడదు కాబట్టి ఏది చెప్పినా అరిచి చెప్పాలి. అప్పుడు మీ ఒక్కరికే కాదు, వీధిలో అందరికీ చెప్పినట్టవుతుంది. ఫోన్లో ఇంకా కష్టం. అదీకాక ఇందు నా ఒళ్లోనే ఉంది. దాని ముందే దాని గురించి బేరమాడటం నాకు నచ్చలేదు.

జూన్‌లో ఇందును నా దగ్గరికి తెచ్చుకుంటాను.

డిసెంబరులో రవళి పోయిన పదకొండో రోజున మీరు పిల్లను చంకనేసుకుని, "నీ డ్యూటీలకు దీన్నెవలు సూస్తరు బిడ్డా? నా తాననే ఉండనియ్యి" అన్నారు. పిల్ల బట్టల సంచి తెచ్చి మీకిచ్చాను. మా అమ్మ భీవండిలో అన్న ఇంట్లో ఉంది. ఆమెనే ఒకరు చూసుకోవాలి. ఈ నాలుగు నెలలూ మీరు లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ మేలు మరిచి రాయడం లేదు.

కానీ మొన్న మీరు అంగన్‌వాడీ మాట ఎత్తారు. జూన్ పన్నెండున బడులు తెరుస్తారు, అప్పటికి ఇందుకు మూడేళ్లు నిండుతాయి, మీరు ముప్పై ఒక్కేళ్లు టీచరుగా చేసిన సెంటర్లోనే పేరు రాయిస్తానన్నారు. ఆ తర్వాత ఊళ్లో బడి. ఆ తర్వాత? నేను ఆదివారం పూట వచ్చిపోయే నాన్నగా మిగిలిపోతాను. ఇప్పటికే అది నన్ను చూడగానే నా మొహం వైపు కాదు, చేతిలోని సంచి వైపు చూస్తోంది.

కాబట్టి పగటిపూట పిల్లను చూసుకునే కేంద్రం కోసం వెతుకుతున్నాను. మొదట మా కంపెనీలోనే అడిగాను. గేటు పక్కన గోడలకు రంగుల బొమ్మలు వేసిన గది ఒకటి ఉంది. పద్నాలుగు మంది పిల్లలు ఉంటారు. హెచ్చార్‌లో ప్రవీణ్‌కుమార్ కంప్యూటర్లో ఫారం తెరిచాడు.

"అన్నా, తల్లి ఎంప్లాయీ నంబర్ అడుగుతున్నది."

"తల్లి లేదు. నా నంబర్ కొట్టు."

కొట్టాడు. "తీసుకుంటలేదన్నా. ఇది లేడీస్ పిల్లలకే. మన కంపెనీ రూల్ గట్లున్నది."

"పిల్లలు ఆడవాళ్లకే ఉంటారా?"

"నన్నేం అడుగుతవ్ అన్నా. నాకింకా పెండ్లే కాలే."

నవ్వించడానికి అన్నాడు, పాపం. నాకు నవ్వు రాలేదు. ఇక బయట చూసుకుంటాను. మీకేమనిపిస్తే అది రాయండి.

మీ అల్లుడు,
శ్రీశైలం

~

హత్నూర,
ఏప్రిల్ 20

ప్రియమైన బిడ్డ శ్రీశైలానికి అత్తమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ సంగప్ప బస్సు ఆపి, కిందికి దిగి, రెండు చేతులతో ఇచ్చాడు. అదేదో కోర్టు కాగితమన్నట్టు బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. ఊళ్లో నేను ఇప్పుడు గొప్పదాన్ని అయిపోయాను.

నువ్వు మొహం మీద చెప్పలేనిది కాగితం మీద చెప్పావు. మంచిదే. నేనూ అలాగే చెబుతాను.

పిల్ల నీది. కాదని ఎవరూ అనలేదు. కానీ నీకు ఒక వారం పొద్దున ఆరింటికి డ్యూటీ, ఇంకో వారం మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. ఇంట్లో ఇంకో మనిషి లేరు. మీ మామయ్య పోయి పదేళ్లయింది. ఒక్క మనిషి ఉండే ఇల్లు ఎలా ఉంటుందో నన్ను అడుగు. పొద్దున మూత పెట్టిన గిన్నె సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. పెద్దవాళ్లు దానికి అలవాటు పడతారు. పిల్లలు పడకూడదు.

అందుకని నా మాట విను. ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటే చూడు. ముందుగదిలో నాలుగు బొమ్మలు పెట్టి, బయట బోర్డు కట్టుకున్న చోట నా మనవరాలు అడుగు పెట్టదు. అదీ పన్నెండో తారీఖు లోపల దొరకాలి. దొరకకపోతే ఇక్కడే పేరు రాయిస్తాను, మళ్లీ ఆ మాట ఎత్తొద్దు. ఏడాది నడుమ పిల్లను ఒక చోట పీకి ఇంకో చోట పెట్టడం నేను ఒప్పుకోను. అట్లా చేసిన తల్లిదండ్రులను నా సెంటర్లో ఎంతమందిని తిట్టానో లెక్కలేదు.

ఇందు బాగుంది. జొన్నరొట్టె పాలలో నలిపి పెడితే తింటోంది. "ముత్యమ్మక్కా, నీ ఇంట్ల పిల్ల ఉన్నట్టే తెలుస్తలేదు, ఏం మంత్రమేసినవ్?" అంటుంది ఎదురింటావిడ. నిజమే. అల్లరి లేదు, ఏడుపు లేదు. ఏం కావాలన్నా వచ్చి కొంగు పట్టుకుని లాగుతుంది, అంతే. ఇన్నేళ్లలో వందల మంది పిల్లలను చూశాను. ఇంత బుద్ధిమంతురాలిని చూడలేదు.

నా ఎడమ చెవి సంగతి రాశావు. కుడి చెవి బాగానే ఉంది. ఆ విషయం కూడా రాసుకో.

నువ్వు వేళకు తింటున్నావా లేదా రాయలేదు.

ఆశీర్వదిస్తూ,
ముత్యమ్మ

~

పటాన్‌చెరు,
మే 4

అత్తమ్మకు నమస్కారం.

సంగారెడ్డిలో ఆఫీసుకు పోయి గుర్తింపు ఉన్న కేంద్రాల జాబితా తెచ్చుకున్నాను. నేను బండి మీద పోయి రాగలిగే దూరంలో ఉన్నవి నాలుగు. ఒకదానిలో ఖాళీ వచ్చే ఏడాదికి గానీ లేదు; నా ముందు ఇరవై రెండు పేర్లున్నాయి. ఇంకొకటి నెలకు పద్దెనిమిది వేలు. నా జీతంలో దాదాపు సగం. అయినా పోయి చూశాను. చల్లటి గదులు. పిల్లలు ఇంగ్లీషులో ఆవలిస్తున్నారు. మూడోది మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు. "మూడు తర్వాత పిల్లను ఏం చేయాలి మేడం?" అంటే, "సాధారణంగా మదర్ వచ్చి తీసుకెళ్తారు సార్" అంది ఆ అమ్మాయి. నాలుగోది వేసవి సెలవుల్లో ఉంది.

జాబితాలో లేనివి ఇంకో ఏడు చూశాను. మీరు వద్దన్నారని తెలుసు. దగ్గరగా ఉన్నాయని పోయాను. ఒకచోట లైసెన్సు అడిగితే గోడకు కట్టిన కాగితం చూపించారు. అది మున్సిపాలిటీ వాళ్లు దుకాణాలకు ఇచ్చేది. మా వీధిలో కర్రీ పాయింట్ గోడ మీద కూడా సరిగ్గా అదే కాగితం ఉంది. ఆ మాటే అన్నాను. "కర్రీ పాయింట్ తినేందుకు సార్, మాది పడుకునేందుకు" అన్నాడు ఆ నడిపేవాడు. తేడా ఆయనకు బాగానే తెలుసు.

మందుల కంపెనీలో నా పని మీకు తెలుసు. ఏ గదిలో ఏం తప్పు ఉందో చూసి రాయడం. అదే పద్ధతిలో యాభై మూడు ప్రశ్నలతో ఒక పట్టిక చేసుకున్నాను. నిప్పు ఆర్పే సిలిండర్ మీద తేదీ, నీళ్ల ట్యాంకు కడిగిన తేదీ, ఆయాల ఆధార్, కిటికీ ఊచల మధ్య దూరం. ఊచల దూరం కొలవడానికి టేపు తీసుకుపోయాను. ఒకావిడ నన్ను ఇన్‌స్పెక్టర్ అనుకుని టీ తెప్పించింది. కాదని తెలిశాక కప్పు వెనక్కి తీసుకుపోయింది.

ఒక్కటీ నిలవలేదు.

తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. మొన్న వారపు సెలవు రోజు కూడా కంపెనీ క్యాంటీన్‌కే పోయి తిన్నాను. గేటు దగ్గర అడిగితే ఫైలు మరిచిపోయానని చెప్పాను. ఇంట్లో వండుకోవచ్చు. ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో ఇంకా అంచనా రావడం లేదు.

ఇంకా వెతుకుతాను. ఇందును అడిగానని చెప్పండి.

శ్రీశైలం

~

హత్నూర,
మే 9

బిడ్డా శ్రీశైలం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి కోపం వచ్చింది.

పిల్లల కేంద్రానికి టేపు పట్టుకుని పోతారా? నా సెంటరుకు నువ్వు వచ్చి ఉంటే ఆ యాభై మూడింటిలో నాకు పది కూడా వచ్చేవి కావు. వానాకాలం పైకప్పు కారేది. రెండు చాపలే ఉండేవి. గుడ్లు ఉడికించే గిన్నెకు చెవి ఊడిపోయింది, దాన్ని గుడ్డతో పట్టుకుని దించేవాళ్లం. ఆ సెంటర్లో చదివిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు పోలీసులు, ఒకతను కంది కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు. లైసెన్సు ఉండాలని చెప్పింది నేనే. కానీ లైసెన్సు గేటు లాంటిది. గేటు ఉందో లేదో చూసి, లోపలికి పోయి మనుషులను చూడాలి.

ఇలా చెయ్యి. ముందుగా చెప్పకుండా పిల్లలు అన్నం తినే వేళకు పో. గోడలు చూడకు. అన్నం పెట్టేవాళ్ల చేతులు చూడు. తినని పిల్లను ఏమంటారో విను. ఒక పిల్ల ఏడిస్తే ఎవరు ముందు లేస్తారో చూడు. మా సూపర్‌వైజర్లలో తెలివైన వాళ్లు ఇంతకంటే ఏమీ చూసేవాళ్లు కారు.

ఇంకో మాట. అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పదకొండు చోట్లు చూశావు. పదకొండూ బాగాలేవా? నువ్వు చోటు వెతుకుతున్నావా, దొరకకుండా ఉండటానికి కారణం వెతుకుతున్నావా? పిల్లను తెచ్చుకోవాలనీ ఉంది, తెచ్చుకుంటే ఏమవుతుందో అన్న భయమూ ఉంది, కదా? భయం ఉంటే ఉందని చెప్పు. అత్తనని మొహమాటపడకు. నువ్వు నా కూతురి భర్తవి. నాకు మిగిలిన ఇద్దరిలో ఒకడివి.

ఇందును అడిగావని చెప్పాను. నా వైపు చూసి తల ఊపింది.

నీ మంచి కోరే
ముత్యమ్మ

~

పటాన్‌చెరు,
మే 26

అత్తమ్మకు నమస్కారం.

జవాబు ఆలస్యమైంది. మీరు అడిగింది నిజమే.

భయం ఉంది. రవళికి జ్వరం వచ్చిన మూడో రోజు పొద్దున నేను డ్యూటీకి పోయాను. "తగ్గుతుందిలే" అన్నాను. మా కంపెనీలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర లాకర్లో పెట్టాలి. ఆమె ఆరుసార్లు చేసింది. నేను మధ్యాహ్నం రెండింటికి చూసుకున్నాను. అప్పటికే ఎదురు ఫ్లాట్ వనజ, ఆమె భర్త ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. డెంగీ అని, ఆలస్యమైందని డాక్టరు చెప్పింది వాళ్లకు. నాకు కాదు. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. ఈ ఆరు ఫోన్ల సంగతి మీకు తెలియదు. చెప్పలేదు.

ఊచల మధ్య దూరం కొలిచింది అందుకే. ఇది సాకు కాదు, మీరు అడిగారు కాబట్టి రాశాను.

ఇక అసలు విషయం. చోటు దొరికింది.

సెలవుల్లో మూసి ఉందన్న ఆ నాలుగోదే, మళ్లీ తెరిచారు. వెలిమెల రోడ్డులో ఉంది. నడిపేది దుర్గాదేవి గారు. భర్త ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికని ముప్పై ఏళ్ల క్రితం భీమవరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. గుర్తింపు పత్రం ఉంది, గడువులోనే ఉంది. మీరు చెప్పినట్టు అన్నం వేళకు పోయాను. టేపు తీసుకుపోలేదు. ఒక పిల్లవాడు పప్పన్నం నేల మీద పోసి దాని మీద కూర్చున్నాడు. దుర్గాదేవి గారు వాణ్ణి లేపుతూ, "ఒరేయ్, అది పీట కాదురా, పప్పు!" అన్నారు. వాడు నవ్వాడు. ఆమె నవ్వారు. ఆయాలు నవ్వారు. నేను పట్టిక బయటికి తియ్యలేదు.

నెలకు పదివేల ఐదు వందలు. సాయంత్రం ఆరు దాకా ఉంచుతారు. నేను ల్యాబ్ వదిలి రికార్డుల సెక్షన్‌కు మారతానని రాసిచ్చాను. అక్కడ షిఫ్టులు లేవు. షిఫ్టు భత్యమూ లేదు, ప్రమోషన్ ఆశా లేదు. కంది దగ్గర ప్లాటుకు కడుతున్న కిస్తీలు ఆపేసి, కట్టినంత వరకు వేరే వాళ్లకు మార్చాను. లెక్క సరిపోతుంది.

పోయిన సోమవారం మీ దగ్గర్నుంచి ఇందును తెచ్చినప్పుడు మూడు గంటలు అక్కడ ఉంచి చూశాను. ఇందు ఏడవలేదు. "ఏడవలేదండీ మీ పాప. అసలు ఏడవనే లేదు" అని దుర్గాదేవి గారు రెండుసార్లు అన్నారు. మీ పెంపకానికి మెప్పు అది.

కానీ ఫారం దగ్గర ఆగిపోయింది. మొదటి పేజీలో నా పేరు, నంబరు. దాని కింద రెండో మనిషి పేరు, ఫోటో, సంతకం.

"నేనొక్కడినే అండీ" అన్నాను.

"అర్థమైందండీ. కానీ మీకు ఫోన్ లోపలికి పోదంటున్నారు కదా. పాపకి మధ్యాహ్నం జ్వరం వచ్చిందనుకోండి, నేనెవరికి చెయ్యాలి? గంటలో రాగలిగే మనిషి కావాలండీ. ఆ గీత ఖాళీగా ఉంటే నేను చేర్చుకోలేను. ఏమీ అనుకోకండి."

యాభై మూడు ప్రశ్నలు నేను అందరినీ అడిగాను. ఆమె నన్ను ఒక్కటే అడిగారు.

ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తెలిసినవాళ్ల పేర్లన్నీ రాశాను. అందరూ కంపెనీ వాళ్లే. అందరి ఫోన్లూ ఆ లాకర్లలోనే ఉంటాయి. జూన్ ఐదు దాకా సీటు ఆపుతానన్నారు. మీ పేరు రాయవచ్చా అని అడగడానికే ఈ ఉత్తరం.

శ్రీశైలం

~

హత్నూర,
మే 30

ప్రియమైన బిడ్డా,

నా పేరు రాయకు.

కోపంతో అనడం లేదు. ఫోన్ మోగితే నాకు వినపడదు. కుడి చెవి బాగానే ఉందని రాశాను చూడు, అది అబద్ధం. సంక్రాంతి ముందు నుంచే అది కూడా పోతూ వచ్చింది. ఇప్పుడు మీ సంగప్ప బస్సు హారన్ కూడా దాదాపు పక్కన నిలబడితే గానీ వినపడదు. నీకు తెలిస్తే పిల్లను తీసుకుపోతావని చెప్పలేదు.

ఇంకా ఉంది. నీ ఆరు ఫోన్ల సంగతి నువ్వు చెప్పావు. నాదీ చెబుతాను.

మార్చిలో ఒకరోజు నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఇందు బియ్యం గదిలోకి పోయింది. తలుపు బిగుసుకుపోయింది. నాకు తెలియదు. ఎదురింటావిడ నల్లా దగ్గర రెండు బిందెలు నింపుకుని, వాటిని ఇంట్లో పెట్టి, పరుగెత్తుకుని వచ్చి నా భుజం పట్టి ఊపింది. "పిల్ల గొంతు పోతున్నదక్కా, నీకు ఇనవడ్తలేదా?" అంది. ఆమె పెదవులు చూస్తే అర్థమైంది. బియ్యం గదికీ నాకూ మధ్య పది అడుగులు. తలుపు తోసి చూస్తే ఇందు మొహం ఎర్రగా ఉంది. అప్పటికి ఏడుపు ఆపేసి కూర్చుంది.

ఆ రోజు నుంచి అది మళ్లీ అరవలేదు. నేను దాన్ని బుద్ధి అనుకున్నాను. నీకు గొప్పగా రాశాను కూడా. ఏదైనా చెప్పాలంటే నా ముందుకు వచ్చి, గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంటుంది. అప్పుడు పెదవులు కదిలిస్తుంది. నాకు అర్థమవుతుంది. మొన్న ఎదురింటావిడ చూసి, "అక్కా, అది నోరు ఆడిస్తున్నది గని మాట బయటికి వస్తలేదు" అనేదాకా నాకు తెలియదు. పిల్ల నాతో గొంతు లేకుండానే మాట్లాడుతోంది. ఎన్నాళ్ల నుంచో నేను చెప్పలేను. నాకెలా తెలుస్తుంది?

దుర్గాదేవి గారు మెచ్చుకోలేదు బిడ్డా. మూడేళ్ల పిల్ల కొత్త చోట ఏడవలేదంటే ఏ టీచరైనా ఆ పిల్ల వైపు మళ్లీ ఒకసారి చూస్తుంది. ఆమె నీకు చెప్పాలనుకుని, ఎలా చెప్పాలో తెలియక రెండుసార్లు అన్నది. అందుకే అంటున్నాను, ఆమె మంచి టీచరు. పిల్లను ఆమె దగ్గరే చేర్చు. పన్నెండో తారీఖు దాకా కూడా ఆగొద్దు. అంగన్‌వాడీ మాట నేను వదిలేశాను.

రెండో మనిషి ఎవరని నన్ను అడుగుతావెందుకు? నీకు తెలుసు. నీ ఉత్తరంలో నువ్వే రాశావు. నువ్వు లేనప్పుడు నా కూతురిని ఎత్తుకుని ఆటోలో వేసుకుని పోయిన మనిషి నీ ఎదురు తలుపులోనే ఉంది. ఆమె మొహం చూడలేకపోతున్నావు. రవళి పోయాక నేనూ నిన్ను కొన్నాళ్లు చూడలేకపోయాను, నీకు తెలియకుండా. తర్వాత చూశాను. ఏమీ కాలేదు.

పోయి తలుపు కొట్టు.

ముత్యమ్మ

~

పటాన్‌చెరు,
జూన్ 17

ప్రియమైన అత్తమ్మకు,

ఎనిమిదో తారీఖు ఆదివారం ఇందును తీసుకువస్తున్నప్పుడు మీరు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మీరు బట్టల సంచి బండికి కట్టి, ముడి రెండుసార్లు చూసి, లోపలికి పోయారు. అందుకని జరిగిందంతా ఇప్పుడు రాస్తున్నాను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే తలుపు కొట్టాను. కొట్టేముందు చాలాసేపు నిలబడ్డాను. వనజ మెడలో టేపు వేసుకుని తీసింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

"ఏందన్నా, బిల్లు వసూలుకొచ్చినోళ్ల లెక్క గడప కాడ నిలవడ్డవ్? లోపటికి రా."

"ఒక సంతకం కావాలి."

లోపల్నుంచి ఆమె భర్త, "జామీనైతే పెట్టకే! మా బావమర్దికి పెట్టి ఇంకా కడుతున్న" అని అరిచాడు.

"జామీను కాదు. ఇందు కోసం" అన్నాను. ఫారం చూపించాను. రెండో మనిషి అంటే ఏమిటో, నాకు ఫోన్ ఎందుకు ఉండదో చెప్పబోయాను.

"అది నాకు చెప్తవా అన్నా? ఆ ఫోన్ సంగతి నాకు తెల్వదా?" అంది.

ఆమె మిషన్ మీద ఉన్న గుడ్డ పక్కకు తోసి, కాగితం అక్కడే పెట్టి సంతకం చేసింది. ఫోటో లేదంటే పెళ్లి ఆల్బంలోంచి తీయమన్నాడు భర్త. "ఆ ఫోటో సూస్తే పిల్లను ఎవలియ్యరు" అంది ఆమె. చివరికి కింద దుకాణంలో కొత్తది దిగింది.

నేను వచ్చేస్తుంటే వనజ అంది. "ఆర్నెల్ల సంది సూస్తున్నం, నువ్వే తలుపు కొడ్తవని. పొద్దుగాల నువ్వు తలుపు తీస్తవ్, మేం బయట కనవడితే మల్ల లోపటికి పోతవ్. మేం మెట్లు దిగినంక వస్తవ్. మేం ఏం పాపం జేసినం అన్నా?"

మీరు ఏ పాపమూ చేయలేదని చెప్పాను. ఆ రోజు ఆటోలో రవళి ఏమైనా అందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఎప్పుడైనా అడుగుతాను. ఇప్పుడు అడగగలననిపిస్తోంది.

దుర్గాదేవి గారికి బియ్యం గది సంగతి, మీ చెవుల సంగతి చెప్పాను. మీరు ఏమనుకుంటారో అని ఆలోచించే చెప్పాను. ఆమె తప్పుపట్టలేదు. "పిలిస్తే పలికే వాళ్లున్నారని తెలిస్తే పిలుస్తుందండీ. తొందరపెట్టకండి" అన్నారు. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్న వారం రోజులూ ఇందు నా దగ్గర కూడా పెదవులే కదిలించింది. నీళ్లు కావాలన్నా వచ్చి చొక్కా లాగింది. ఆదివారాల్లో అది నాతో మాట్లాడకపోతే నన్ను మరిచిపోతోందేమో అనుకుని బాధపడేవాణ్ణి. ఎంత తప్పు లెక్క వేశానో ఈ వారం రోజుల్లో అర్థమైంది.

మీ సంగతి. వచ్చే శనివారం సంగారెడ్డిలో చెవుల డాక్టరు దగ్గర మీకు టైం తీసుకున్నాను. పది గంటలకు నేనూ ఇందూ బస్టాండులో ఉంటాం. రాననొద్దు. ఇక ప్రతి శనివారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా అది మీ దగ్గరే ఉంటుంది. నేనూ ఉంటాను, చోటిస్తే.

నిన్న సోమవారం మొదటిరోజు. పొద్దున దింపినప్పుడు ఇందు మాట్లాడలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. గేటు దగ్గర ఫోన్ లాకర్లో పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. పెట్టాను. రికార్డుల గదిలో గడియారం లేదు. అడిగిన వాళ్లనే మళ్లీ టైం అడిగాను. ఐదింటికి ఫోన్ తీసుకుంటే ఒక్క కాల్ కూడా లేదు. వనజ మెసేజ్ ఒకటి ఉంది. దారం కొనడానికి కేంద్రం వైపు పోయిందట. దారం దుకాణం మా వీధి చివరే ఉంది, వెలిమెల రోడ్డులో కాదు.

ఐదూ నలభైకి కేంద్రం ముందు బండి ఆపాను. ఇంజను ఆపగానే లోపల్నుంచి ఏడుపు వినిపించింది. ఎవరి పిల్లో అనుకున్నాను. గొంతు నేను గుర్తుపట్టలేదు. డిసెంబరు తర్వాత నేను వినలేదు కదా.

దుర్గాదేవి గారు గేటు దాకా ఎదురొచ్చారు. "సారీ అండీ, అరగంట నుంచి ఇదే గోల. మూడు చక్రాల సైకిల్ ఒక బాబు దిగడం లేదని. వీధంతా ఒకటి చేసేస్తోంది మీ పాప" అన్నారు. అని నావైపు చూశారు. ఆమె కళ్లు ఏమంటున్నాయో ఈసారి నాకు అర్థమైంది.

"ఏడవనివ్వండి" అన్నాను.

ఇందు నన్ను చూసింది. పరుగెత్తుకుని రాలేదు. సైకిల్ హ్యాండిల్ వదలకుండా, ఉన్న చోటి నుంచే, నోరంతా తెరిచి అరిచింది. "నానా! గీడు ఇస్తలేడు!"

అచ్చం మీ ఊరి మాట. ఎంత గట్టిగా అరిచిందంటే అత్తమ్మా, అక్కడ ఉంటే మీకు కూడా వినపడేది.

శనివారం పది గంటలకు, మరిచిపోవద్దు.

మీ
శ్రీశైలం